హీరోయిన్ చీర నాకెందుకు నప్పలేదు?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. నాకు 28 ఏళ్లు, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, ఎత్తు అయిదడుగుల ఒక్క అంగుళం. నా ఫోన్లో సినిమావాళ్ల చీరలు, డ్రెస్సుల ఫొటోలే మూడు వందల పైచిలుకు ఉంటాయి. ఆలియా భట్ పెళ్లిచీరంటే పిచ్చి. అచ్చం అలాంటిదేనని ఒక ఇన్‌స్టా పేజీలో చూసి 14,800 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. మా బావగారి కూతురి నిశ్చితార్థానికి కట్టుకుంటే అందరూ తేరిపార చూశారుగానీ ఒక్కరూ బాగుందనలేదు. గమ్ముతో అంటించిన రాళ్లు భోజనాలయ్యేలోపే పది దాకా రాలిపోయాయి. మా అత్తగారైతే 'గంజి పెట్టిన దోమతెరలా ఉందేంటమ్మా' అనేశారు. మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి. పెళ్లికొడుకును చేయడం, పెళ్లి, రిసెప్షన్, మూడింటికీ కలిపి పాతిక వేలు పెట్టుకోగలను. ఆ డబ్బుతో అసలు సిసలు డిజైనర్ చీర ఒక్కటి కొనుక్కోనా? లేక నాకంటూ ఒక స్టైల్ లేదని సరిపెట్టుకోనా? బాగా నచ్చిన ఫొటోలు ఎనిమిది పంపిస్తున్నాను, చూసి చెప్పండి.
ఒక చెల్లెలు, ఖమ్మం

జవాబు: మీ అత్తగారి మాట చదివి ముందు గట్టిగా నవ్వేశాను, ఏమీ అనుకోకు. తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివితే తెలిసింది, ఆవిడ నిన్నేమీ అనలేదు. బట్టను చూసి బట్ట సంగతి చెప్పారు. ఉన్నమాటే చెప్పారు.

విజయవాడలో ఇరవై రెండేళ్లు జాకెట్లు కుట్టించిన షాపు నాది. 'అచ్చం ఇలాంటిదే కావాలి' అంటూ పేపర్ కటింగులు పట్టుకొచ్చినవాళ్లను చూశాను, ఆ తర్వాత ఫోన్లు పట్టుకొచ్చినవాళ్లనూ చూశాను. అందుకని నీ చీర సంగతి ముందు తేల్చేద్దాం.

ఆలియా 2022 ఏప్రిల్లో పెళ్లికి కట్టుకున్నది డిజైనర్ సబ్యసాచి చేసిన ఆర్గంజా. దంతం రంగు, అదీ చేత్తో అద్దిన రంగు. దాని మీద సన్నగా తిల్లా పని, అంటే జరీ తీగతో కుట్టే కుట్టు. అసలు పట్టు ఆర్గంజాకు ఒక కిటుకుంది. పట్టుగూటి నుంచి తీసిన దారానికి పుట్టుకతోనే ఒక జిగురు ఉంటుంది. మామూలు పట్టుకైతే ఆ జిగురును ఉడకబెట్టి వదలగొడతారు. ఆర్గంజాకు దారాన్ని బిగువుగా పురిపెట్టి, జిగురు ఉండనిచ్చి నేస్తారు. అందుకే ఉల్లిపొరంత పల్చగా ఉండి కూడా నిలబడుతుంది, నిలబడుతూనే ఒంటి మీద వాలుతుంది. నీకొచ్చింది పాలియెస్టర్ ఆర్గంజా అయ్యుంటుంది. అది నిలబడుతుందిగానీ వాలదు. కుచ్చిళ్లు పెడితే గొడుగులా విచ్చుకుంటుంది, నడిస్తే కరకరమంటుంది. ఆలియా పెళ్లి ఫొటోలు పగటి వెలుతురులో తీసినవి, ఇంటి బాల్కనీలో జరిగిన పెళ్లి అది. నువ్వు కట్టుకెళ్లింది ఫంక్షన్ హాలుకి. నెత్తిన తెల్లటి ఎల్ఈడీ లైట్లు పడితే పాలియెస్టర్ తళతళా మెరుస్తుంది, మీగడ రంగు కాస్తా ట్యూబులైటు రంగవుతుంది. కాబట్టి తప్పు నీ ఎత్తుదీ కాదు, ఒంటిరంగుదీ కాదు.

ఫొటోలో కనబడని సంగతి ఇంకొకటుంది. సినిమావాళ్లు ఫంక్షన్లకు వేసుకొచ్చే బట్టలు చాలాసార్లు వాళ్లవి కానే కావు. స్టైలిస్టు వెళ్లి డిజైనర్ దగ్గర తెస్తారు, ఒంటికి పిన్నులతో, టాకాలతో బిగిస్తారు, ఫొటోలు అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు. ఆ చీర గంటో రెండు గంటలో, కూర్చోకుండా, ఒకే వైపు నుంచి బాగుంటే చాలు. నువ్వు పెళ్లికొడుకు అక్కవి. తెల్లారుజామున నలుగు దగ్గర మొదలుపెడితే రాత్రి హారతి దాకా పీటల చుట్టూ తిరిగేది నువ్వే. కింద కూర్చోవాలి, పళ్లేలు మోయాలి, ఎవరో ఒకరి పిల్లని చంకన వేసుకోవాలి. ఆ చీరకు ఈ పనులేవీ తెలియవు.

ఇక నీ ఎనిమిది ఫొటోలు. మా షాపుకొచ్చే అమ్మాయిలతో నేనొక పని చేయించేదాన్ని. ఫొటోలో హీరోయిన్ మొహం మీద బొటనవేలు పెట్టి మూసెయ్యమనేదాన్ని. మొహం పోయాక బట్ట ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కూడా నచ్చిందా? సగానికి సగం ఫొటోలు అక్కడే పడిపోతాయి. మనకు నచ్చింది ఆ పిల్ల నవ్వో, జుట్టో, వెనకాల ఉన్న కొండో అయ్యుంటుంది.

నీ ఫొటోలనూ అలాగే చూశాను. ఎనిమిదింటిలో ఆరింటిలో చీర ఒళ్లంతా సాదా, ఒక్క బుటా కూడా లేదు. అంచు రెండు వేళ్ల వెడల్పు దాటలేదు. జాకెట్టు చేతులు మోచేతి దాకా ఉన్నాయి. మెడ ముందువైపు మూసి ఉంది. నగ ఒక్కటే, అయితే జుంకాలు, లేకపోతే మెడలో ఒక పేట. ఈ ఆరూ ఒక్కరివి కావు, నలుగురు వేర్వేరు మనుషులవి. అందులో ఒకటి సావిత్రిది, నలుపు తెలుపు ఫొటో! నువ్వు గమనించే పంపావో లేదోగానీ అరవై ఏళ్ల తేడా ఉన్న ఫొటోల్లో నీ కన్ను ఒకే జాకెట్టు దగ్గర ఆగింది. ఏడోది ఆలియా చీర. దాంట్లో పని ఉన్నా బట్టలో కలిసిపోయి ఉంది, దూరం నుంచి చూస్తే ఒకే రంగు. ఎనిమిదోది ఎర్ర లెహంగా. అది నీకు బట్ట కోసం నచ్చలేదని నా అనుమానం, పక్కన హీరో కూడా ఉన్నాడు కదా.

ఇప్పుడు నువ్వు కొన్నదేమిటో చూడు. ఒళ్లంతా రాళ్లు, నాలుగు వైపులా కట్‌వర్క్ అంచు, జాకెట్టుకి చేతులే లేవు. ఆరు ఫొటోల్లో నీకు నచ్చినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. స్టైల్ లేదని ఉత్తరం రాశావుగానీ, ఇంత పట్టుదల ఉన్న కన్ను నేను తరచుగా చూడలేదు. ఆర్డరు పెట్టేటప్పుడు మాత్రం దాన్ని అడగలేదు నువ్వు.

మా అమ్మ కథ చెబుతాను. డెబ్బైల్లో మా వైపు పెళ్లీడు ఆడపిల్లలందరికీ వాణిశ్రీ పిచ్చి. వాణిశ్రీ కొప్పు, వాణిశ్రీ చీర, వాణిశ్రీ నడక. అమ్మకు జుట్టు పల్చన. అయినా లోపల సవరం కుక్కి, పిన్నులు డజను గుచ్చి, ఇంత ఎత్తున కొప్పు లేపుకుని మా మేనత్త పెళ్లికి వెళ్లిందట. బంతిలో వంగి పప్పు వడ్డిస్తుంటే సవరం జారి విస్తరి పక్కన పడింది. ఆ విస్తరి ముందు కూర్చున్నాయన పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి. తర్వాత పదేళ్లపాటు మా ఇంట్లో కొప్పు అన్న మాటెత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కానీ వాణిశ్రీ దగ్గర నుంచి అమ్మ ఒకటి మాత్రం వదల్లేదు. ముడి కింద, ఎడమ చెవి వెనక ఒక్క పువ్వు. మాల కాదు, ఒక్కటే. మందారం, గులాబీ, ఏదీ దొరక్కపోతే నందివర్ధనం. నలభై ఏళ్లు పెట్టుకుంది. మా వీధిలో వాళ్లకు అది వాణిశ్రీ పువ్వని గుర్తే లేదు, 'టీచరుగారి పువ్వు' అనేవాళ్లు.

డిజైనర్ చీర సంగతి అడిగావు కదా. పాతిక వేలకు సబ్యసాచి దగ్గర చేతిపని ఉన్న చీర రాదు, ఆ ఆశ వదులుకో. ఎందుకు రాదో తెలిస్తే బాధ కూడా ఉండదు. 2024లో న్యూయార్క్‌లో మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు ఆలియా కట్టిన పుదీనా రంగు చీర గుర్తుందా? అదీ సబ్యసాచిదే. దానికి 163 మంది కలిసి 1,965 గంటలు పనిచేశారని అప్పట్లో చెప్పారు. లెక్కేసుకో. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే ఒక్క మనిషికి దాదాపు 246 రోజుల పని అది. అలాంటిదే 14,800కు ఇస్తామని ఎవడైనా అన్నాడంటే వాడు ఎక్కడో ఒకచోట మనిషి చేతిని తీసేశాడన్నమాట. నీ చీరలో తీసేసింది కుట్టును. గమ్ము పెట్టాడు. లోగో కొట్టేసిన ఫస్ట్ కాపీ బ్యాగులూ చెప్పులూ కూడా ఈ బాపతే, వాటి జోలికి అసలు పోకు.

కానీ డిజైనర్ల దగ్గర మనకు ఊరికే దొరికేది ఒకటుంది. వాళ్లు బట్ట ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో చూడటం. మన హైదరాబాద్ గౌరంగ్ షానే తీసుకో. ఆయన పేరు తెచ్చుకున్నదే జాందానీతో. సావిత్రి కథగా వచ్చిన మహానటిలో కీర్తి సురేశ్ కట్టిన చీరలకు ఆయన పనిచేశారు. 2018 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో దానికి కాస్ట్యూమ్ డిజైన్ అవార్డు వచ్చింది, పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. నీకు నచ్చిన ఆ నలుపు తెలుపు ఫొటోల కాలానికి ఇంతమంది వెనక్కి వెళ్లి చూసుకున్నారు మరి. జాందానీ నేసే ఊరు మనకు కాకినాడ పక్కన ఉప్పాడ. నేత నడుస్తుండగానే విడి దారాలను చేత్తో పోగుల మధ్యకు దూర్చి పువ్వు తీస్తారు. తీసిన పువ్వు వెనకవైపు కూడా శుభ్రంగా ఉంటుంది, దారాలు వేళ్లాడవు. చీర చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. నువ్వు ఆర్గంజాలో వెతుక్కున్న పల్చదనం ఇక్కడ నిజంగా ఉంది, దోమతెరతనం లేకుండా.

నీకు దగ్గర్లో ఇంకా రెండు ఊళ్లున్నాయి. హైదరాబాద్ వెళ్లే దారిలో చౌటుప్పల్ దగ్గర లోపలికి తిరిగితే పోచంపల్లి. ఇటు విజయవాడ దాటగానే మంగళగిరి. నీ కన్నుకు మంగళగిరే సరైన ఊరు. అక్కడి గుంటమగ్గం మీద నేసే చీరకు ఒంటి మీద డిజైనుండదు. సాదా ఒళ్లు, జరీ అంచు. అంచు వెంబడి చిన్నచిన్న గోపురాల్లా వచ్చేదాన్ని నిజాం అంచంటారు. నువ్వు పంపిన ఆరు ఫొటోల్లో ఉన్నదీ ఇంతే కదా, సాదా ఒళ్లూ సన్నంచూ! నూలులో కావాలంటే నూలు, కాస్త మెరుపు కావాలంటే నూలూ పట్టూ కలిపి నేసినవి. పోచంపల్లి చీర ఒళ్లంతా డిజైను కాబట్టి నీకు చీరగా వద్దు, జాకెట్టు గుడ్డగా తీసుకో. మీగడ రంగు చీర మీదకు నల్లటి పోచంపల్లి ఇక్కత్ జాకెట్టు వేస్తే నువ్వు దాచుకున్న మూడు వందల ఫొటోల్లో పెట్టినా తేలిపోదు.

ఇక్కత్ పేరుతో ప్రింటు గుడ్డ అంటగడతారు, జాగ్రత్త. అసలు ఇక్కత్‌లో నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగెక్కదు. ఆ పోగుల్ని లెక్కతప్పకుండా అమర్చి నేస్తే బొమ్మ వస్తుంది. ఎంత పనిమంతుడు నేసినా ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే బొమ్మ అంచు తడి కాగితం మీద ఇంకు పాకినట్టు కాస్త చెదిరి ఉంటుంది. ప్రింటుకైతే అంచు బ్లేడుతో కోసినట్టుంటుంది. గుడ్డను తిరగేసి చూడు. ఇక్కత్‌కు బోర్లా వెల్లకిలా ఉండదు, రెండువైపులా ఒకే రంగు. ప్రింటు చాలామటుకు వెనకవైపు వెలిసినట్టుంటుంది. షాపువాడు 'మేడమ్, ఒరిజినల్' అంటూ మాట్లాడుతుండగానే నువ్వు మడత విప్పి తిరగెయ్యి. వాడి మాట దానంతటదే తగ్గుతుంది.

రంగు మాట కొస్తే, నీకు దంతం రంగు ఇష్టమైతే దాన్ని వదులుకోవద్దు. శుభకార్యానికి తెలుపేమిటని ఎవరైనా మూతి విరిస్తే మధుపర్కాలు గుర్తు చెయ్యి. మన పెళ్లిలో పీటల మీద వధూవరులు కట్టుకునేవే తెల్లబట్టలు. 2024 డిసెంబరులో శోభిత ధూళిపాళ పెళ్లి ఫొటోలు చూసే ఉంటావు. బంగారు రంగు కంచిపట్టు ఎంత నిండుగా ఉందో, ఎర్ర అంచు తెల్లచీరలో అంత తేటగా ఉంది. పెళ్లికూతురు తెల్లచీర కట్టగా లేనిది పెళ్లికొడుకు అక్క కట్టకూడదా? కాకపోతే తెలుపులో తెలుపుకు తేడా ఉంటుంది. కొనేటప్పుడు చీరను షాపు లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, భుజాన వేసుకుని చూడు. మీగడ, గంధం, ఉల్లిపొర, మూడూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకో. ఒకటి వేసినప్పుడు మొహం కడుక్కుని వచ్చినట్టుంటుంది. అది తీసుకో. నీలం కలిసిన పాలతెలుపు మాత్రం ముట్టుకోకు, హాలు లైట్లకు అది మళ్లీ దోమతెరే అవుతుంది.

పొట్టివాళ్లు పెద్దంచు కట్టకూడదని పత్రికల్లో రాస్తుంటారు. నేనొప్పుకోను. మా పిన్ని అయిదడుగులు కూడా లేదు, జానెడంచు గద్వాల్ కట్టి వస్తే అందరూ లేచి దారిచ్చేవాళ్లు. నీకు పెద్దంచు నప్పదని కాదు, నీకు ఇష్టం లేదు. ఆ రెండూ వేరు.

ఇప్పుడు అసలు విషయం, జాకెట్టు. నీకు నచ్చిన ఆరు ఫొటోల్లోనూ నీ కన్ను ఆగింది జాకెట్టు దగ్గర. చీరకు పన్నెండు వేలు పెట్టి జాకెట్టును సందు చివర మిషను మీద రెండు గంటల్లో కుట్టించుకుంటే ఆ పన్నెండు వేలూ గోదాట్లో పోసినట్టే. టైలరుకు ఫొటో ఒక్కటి చూపించి వచ్చేయకు. ఫొటోలో ఉండేది ముందు భాగమే, వీపు ఎలా ఉందో ఎవరికి తెలుసు? అంగుళాల్లో చెప్పు. నీ ఎత్తుకు మోచేతి దాకా చేతులంటే పది, పదిన్నర అంగుళాలు వస్తుంది. కొలత తీసుకునేటప్పుడు చెయ్యి చాపి ఉంచకు, మోచెయ్యి మడిచి ఉంచు. చాపి కొలిస్తే మడిచినప్పుడు చెయ్యి బిగుసుకుపోతుంది, అన్నం కలుపుకోలేవు. చీరతో వచ్చే ముక్క ఎనభై సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి ఈ చేతులకు ఒక్కోసారి చాలదు. ఇక్కత్ విడిగా కొనేటప్పుడు నిండు మీటరు కొయ్యమను.

ఆది జాకెట్టు ఇస్తావు కదా, అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆది ఇచ్చిన జాకెట్టులో భుజం జారుతుంటే కొత్తదాంట్లోనూ జారుతుంది. వాళ్లు దాన్ని తూచా తప్పకుండా కుడతారు మరి. ఆదిలో బాగోలేనిదేమిటో ముందే చెప్పు. లైనింగు గుడ్డను ఒకసారి నీళ్లలో తడిపి, ఆరేసి, అప్పుడు ఇవ్వు. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. ముందు మెడ మూస్తే హుక్కులు వెనక్కి వస్తాయి, అప్పుడు నీ అంతట నువ్వు వేసుకోలేవు. పెళ్లిరోజు తెల్లారి మూడింటికి నీకు హుక్కులు పెట్టే తీరిక ఎవరికి ఉంటుందో ఆలోచించుకుని చెప్పు. ప్రిన్సెస్ కట్ చేయించుకుంటే మాత్రం టైలరు దగ్గర వేసి చూసుకోనిదే ఇంటికి తెచ్చుకోకు, తర్వాత సరిచేయడం తలనొప్పి. మగ్గం వర్కు వద్దేవద్దు. నీ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ మగ్గం వర్కు లేదు. వదిన చేయించుకుంది, తోడికోడలు చేయించుకుంది అని నువ్వూ చేయించుకుంటే మళ్లీ రాళ్ల చీర దగ్గరికే వస్తావు.

మూడు ఫంక్షన్లకీ ఇలా చెయ్యి. పెళ్లికొడుకును చేసే రోజు నలుగు, నూనె, పసుపు, నీళ్లు. ఆ రోజుకు మంగళగిరి నూలుచీర, మెంతిరంగులోనో మామిడిచిగురు రంగులోనో. రెండున్నర వేలలో చూసుకో. పెళ్లికి కొత్తది కొనకు. బీరువాలో నీ పెళ్లిపట్టు ఉందిగా? అది తీసి జరీ, మడతలు చూడు. మడత మీద పట్టు చిట్లుతుంటే రఫ్ఫు చేయించి, పాలిష్ పట్టించు. కట్టిన చీరే మళ్లీ కట్టిందంటారని భయపడకు. ఆలియా ఆ పెళ్లిచీరనే 2023 అక్టోబరులో జాతీయ అవార్డు అందుకోవడానికి మళ్లీ కట్టుకెళ్లింది. ఈసారి జుట్టు వదిలేయకుండా ముడి వేసి తెల్లగులాబీలు పెట్టుకుంది, నగలు మార్చింది. 2017లో నాగచైతన్యతో పెళ్లికి సమంత కూడా వాళ్లింటి పెద్దావిడ చీరనే బాగుచేయించి కట్టుకుంది. నీ పెళ్లిపట్టు మీద పాత జాకెట్టు బదులు సాదా పట్టు గుడ్డతో మోచేతి జాకెట్టు కుట్టించు. చీర మారకపోయినా మనిషి మారినట్టుంటావు.

అసలు డబ్బు రిసెప్షన్ చీర మీద పెట్టు. ఉప్పాడ పట్టు, మీగడ రంగు, ఒళ్లు సాదా, జాందానీ పని పైటలో మాత్రమే. పన్నెండు వేల దగ్గర గట్టిగా ఆగు. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్, చేనేతని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ ట్యాగులు ఉన్నాయేమో చూసుకో. మూడు జాకెట్ల కుట్టుకూలి, లైనింగు, ఇక్కత్ గుడ్డ కలిపి నాలుగున్నర వేలు. మంచి జుంకాలకు మూడు వేలు. ఫాల్స్, పికో, పైట కుచ్చులు, పాలిష్‌కు వెయ్యి. ఇంకా రెండు వేలు మిగులుతాయి, వాటిని ఎవరికీ చెప్పకు.

రిసెప్షన్‌కు ఎర్ర లెహంగా కావాలన్న కోరిక లోపలెక్కడో ఉంటే హైదరాబాద్‌లో అద్దెకిచ్చేవాళ్లున్నారు, ఒక్క రాత్రి ముచ్చట తీర్చుకో. అది తప్పేమీ కాదు.

ఇంట్లో ఉన్న ఆ 14,800 చీర సంగతి. అమ్ముదామంటే సగం కూడా రాదు, దాచుకుంటే చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. మిగిలిన రాళ్లను గోటితో పీకేసెయ్యి, గమ్మే కాబట్టి ఊడిపోతాయి. అయిదున్నర మీటర్లలో రెండున్నర మీటర్లు కత్తిరిస్తే ముదురు రంగు చుడీదార్ మీదకు చున్నీ అవుతుంది. చున్నీకి గరుకుదనం అడ్డురాదు, పైగా నిలబడి అందంగా ఉంటుంది. మిగతాది ఇంట్లో చిన్నపిల్ల ఉంటే గౌనుకు పైపొర. లోపల మెత్తటి నూలు లైనింగు వేయించు, లేకపోతే పిల్ల రోజంతా గోక్కుంటుంది.

జాకెట్లు పెళ్లికి పదిహేను రోజుల ముందే చేతికొచ్చేలా చూసుకో. రాగానే వేసుకుని, రెండు చేతులూ ఎత్తి అక్షింతలు వేస్తున్నట్టు చెయ్యి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని లే. చంకలో పట్టేస్తే ఆ రోజే పట్టుకెళ్లి కుట్టు విప్పించు. ఇందుకోసమే లోపల రెండు పక్కలా అంగుళం గుడ్డ వదలమని ముందే చెప్పు.

చీరలు కొనడానికి ఫోన్ పట్టుకుని ఒక్కదానివే వెళ్లకు. మీ అత్తగారిని వెంట తీసుకెళ్లు. చీరకీ దోమతెరకీ తేడా అంత దూరం నుంచి పట్టేసిన మనిషి షాపులో పక్కన ఉంటే, అమ్మేవాడు బీరువాలో వెనక అరలో ఉన్నవి తీస్తాడు.